చదివి వినిపించువారి తోడు: చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి జీవితము

ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరములో నున్న మన పెదవేగి నేడొక గ్రామము. పూర్వ మిది వేంగీపురమను రాజధాని. క్రీ. శ. 4, 5 శతాబ్దములలో శాలంకాయను లిచ్చటనుండి రాజ్య మేలిరి. తరువాతి కాలమున తూర్పు చాళుక్యులు వేంగీనాథులను పేరు వహించి, తుదకు గోదావరీతీరమందలి రాజమహేంద్రవరమును రాజధానిగా చేసికొనిరి. అచ్చటనే 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. ఆ కావ్యము ఏకాంతమున నొక్కరు చదివికొనుటకై పుట్టినది గాదు. ఒకరు చదువగా పదిమంది కూర్చుండి వినుటకై పుట్టినది.

ఆ యాచారము రాజసభలలోనే నిలిచిపోక గ్రామములకును దిగివచ్చెను. సాయంకాలము పనిపాటలు ముగిసిన పిమ్మట దేవాలయ మండపమునందో, ఊరిపెద్ద యింటి యరుగుమీదనో దీపము వెలిగించి, ఒకరు పద్యము చదువగా వేరొకరు అర్థము చెప్పుచుండిరి. చుట్టును కూర్చున్నవారిలో అక్షరము లెరిగినవారు కొలదిమందియే. అయినను భారతకథ యెరుగనివా రరుదు. మన మెట్టపొలముల గ్రామములనుండి కొల్లేటి లంకలవరకును పూర్వులకు గ్రంథమనగా కంటితో చూచునది గాదు, చెవితో వినునది.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున తెలుగుదేశమునకు నవల వచ్చెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికయందు ప్రకటింపబడ నారంభించెను. నవల అచ్చుయంత్రముతో వచ్చిన వాఙ్మయము. ఒక్కరే కూర్చుండి మౌనముగా చదువుకొనుట కనువైనది. కాని చదువరు లెక్కడ? 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో భారతదేశమున అక్షరజ్ఞానము గలవారు నూటికి ఆరుగురైనను లేకుండిరి. ఆ స్థితిలో ఒక నవల పదిమందికి చేరవలెనన్న నొక్కటే మార్గము: చదువు వచ్చిన యొకరు, రానివారికి చదివి వినిపించుట.

ఆ సంధికాలమున తెలుగు నవలకు పేరు తెచ్చినవారిలో ప్రముఖు లొకరు తమ గ్రంథములను తాము చదువుకొనజాలని యంధు లనుట మన విద్యార్థులు తెలిసికొనదగిన విషయము. వారే కళాప్రపూర్ణ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వారి జీవితమును మే మిచ్చట సంగ్రహముగా చెప్పబూనితిమి.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ఖండవల్లి గ్రామమున జన్మించిరి. వారి తండ్రి వెంకన్నగారు. బాల్యము వీరవాసరమున గడచెను. ఈ రెండు గ్రామములును 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగా నేర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలోనివి. 2022లో జిల్లాలను విభజించుటచే నేడు మనకు పొరుగు జిల్లాలలో నున్నవి. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు గల యా డెల్టాసీమయే వారి కథలకు పుట్టినిల్లు. ఆ సీమలోని పురోహితులు, కరణములు, బడిపంతులు, వంటబ్రాహ్మణులు, పేరంటాండ్రు తరువాత వారి నవలలలో సజీవముగా నడచివచ్చిరి.

విధి వారికి చిన్నతనముననే యొక పరీక్ష పెట్టెను. చూపు మందముగా నుండెను. దానికి తోడు రేచీకటి. సూర్యుడు గ్రుంకిన తరువాత పుస్తకము వారికి మూతపడినట్లే. నూనెదీపముల వెలుగున తోడి విద్యార్థులు పాఠములు వల్లించుకొను వేళ, వారికి వినుటయే దిక్కయ్యెను. కన్ను చేయలేని పని చెవి చేయవలసి వచ్చెను. చెవి నిలిపినదానిని జ్ఞాపకశక్తి పదిలపరుపవలసి వచ్చెను. ఈ యభ్యాసమే తరువాత వారి వృత్తికి మూలధన మాయెను. వీరవాసరమునను, నరసాపురమునను చదివి, రాజమహేంద్రవరము చేరి 1889లో మెట్రిక్యులేషను పరీక్ష యందు కృతార్థులైరి. క్రమక్రమముగా మిగిలియున్న చూపును నశించెను.

ఆనాటి మధ్యతరగతి కుటుంబమున చూపులేని యువకునకు గల భవిష్యత్తు ఎట్టిదో యూహించుట కష్టము కాదు. కచ్చేరీలో నుద్యోగము దొరకదు. వ్యవసాయము సాగదు. బంధువుల యింట నొక మూల కూర్చుండి కాలము పుచ్చుటయే యట్టివారికి లోకము చూపు దారి. లక్ష్మీనరసింహముగా రా మూలను కూర్చుండలేదు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులై బాలురకు చదువు చెప్పిరి. స్వయముగా పాఠశాలను నెలకొల్పి నడిపిరి. నోటితో పాఠము చెప్పుట, చెవితో అప్పగింత వినుట యనునవి కన్నులు లేకున్నను సాగు పనులే.

వారి రచనయు వినబడుటకై పుట్టిన రచనతోనే యారంభమయ్యెను. ఆ కాలమున రాజమహేంద్రవరమున నుపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగా రొక నాటక సమాజమును నడుపుచుండిరి. దానికై లక్ష్మీనరసింహముగారు 1889లో కీచకవధను రచించిరి. తరువాత గయోపాఖ్యానము మొదలగు నాటకములను వరుసగా రచించి యిచ్చిరి. తరువాతి కాలమున ఆంధ్రకేసరి యని ప్రసిద్ధి కెక్కిన టంగుటూరి ప్రకాశముగారు బాల్యమున ఆ సమాజమున వేషములు ధరించినవారే. గయోపాఖ్యానము ప్రతులు లక్షకు మించి యమ్ముడుపోయినవి. నూటికి ఆరుగురు చదువరులైనను లేని దేశమున లక్ష ప్రతులు చెల్లుట యెట్లు సంభవించెను? కొన్నవారు తాము మాత్రమే చదువుకొనక పదిమంది యెదుట చదివిరి, ఆడిరి, పాడిరి. ఒక్కొక్క ప్రతి యొక్కొక్క గ్రామమున సభ కట్టినది.

నాటకములనుండి వారు నవలలకు వచ్చిరి. ది హిందూ పత్రికను 1878లో స్థాపించినవారిలో నొకరైన న్యాపతి సుబ్బారావు పంతులుగారు రాజమహేంద్రవరమునుండి చింతామణి యను మాసపత్రికను ప్రకటించుచు, ఉత్తమ నవలలకు బహుమానము లిచ్చుచుండిరి. 1894లో లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము ఆ బహుమానమును బడసెను. తరువాత 1896లో హేమలత, 1897లో అహల్యాబాయి వెలువడినవి. రామచంద్రవిజయము గోదావరీతీరపు సంసారుల జీవితమును చిత్రించునది. తక్కిన రెండును ఉత్తరదేశపు చరిత్రను కథగా చెప్పునవి. ఈ చారిత్రక నవలలవలన వారికి ఆంధ్రస్కాటు అను బిరుదమును, అంధత్వమువలన ఆంధ్రమిల్టను అను బిరుదమును లోకము ప్రసాదించెను.

ఈ రెండు పోలికలును పైకి కనబడుదానికన్న లోతైనవి. వాల్టరు స్కాటు 1819లో తీవ్రమైన వ్యాధితో బాధపడుచు, ది బ్రైడ్ ఆఫ్ లామర్మూర్ అను నవలలో చివరి భాగమును చెప్పుచు మిత్రులచే వ్రాయించెను. మిల్టను 1652 నాటికి పూర్తిగా చూపు గోల్పోయి, తన మహాకావ్యమును చెప్పి వ్రాయించి 1667లో ప్రకటించెను. అనగా మన చిలకమర్తివారి జననమునకు సరిగా రెండువందల సంవత్సరములకు పూర్వము. మిల్టను తన కుమార్తెలచే వారికి అర్థము కాని భాషల గ్రంథములను చదివించుకొనుచుండె ననియు, అది వారికి మిక్కిలి భారమై తోచె ననియు చెప్పుదురు. ఇందు మనము గ్రహింపదగినది యున్నది. అర్థము తెలియక చదువుట చాకిరి. తెలిసి చదువుట సహవాసము. చదువువానికిని వినువానికిని కథ సమానముగా దక్కిననే యా పని చిరకాలము నిలుచును.

చూపులేని గ్రంథకర్త నవల నెట్లు రచించునో మనము కొంచెము ఆలోచింతము. కన్నులు గలవాడు వ్రాసిన పుటను వెనుకకు త్రిప్పి చూచుకొనును; నచ్చనిదానిని కొట్టివేయును. చూపులేనివానికి పుట లేదు. వాక్యమును మనసులో కూర్చుకొని, తుదివరకు నిలుపుకొని, వ్రాయసకానికి వేగము తప్పకుండ చెప్పవలెను. నిన్న చెప్పిన ప్రకరణ మెచ్చట నాగినదో నేడు జ్ఞప్తి నుంచుకొనవలెను. ఏ పాత్ర యే మాట పలికినదో మరువరాదు. దిద్దుబాటు చేయదలచిన వ్రాసినదానిని మరల చదివించుకొని వినవలెను. ఈ పద్ధతిలో గ్రంథమున కొక లాభమును కలదు. నోటికి కష్టముగా నుండు వాక్యము, చెవికి రుచింపని మాట అచ్చునకు పోకముందే బయటపడును. మరియు వ్రాయు నతడే మొదటి శ్రోత. హాస్యము చెప్పినప్పుడు అతడు నవ్వెనేని కథ సాగినట్లు. కలము నిలిపి మిన్నకుండెనేని లోప మున్నట్లు.

వారు ఇతర భాషల గ్రంథములను తెనిగించినదియు నీ విధముననే. జేమ్సు టాడు ఇంగ్లీషున రచించిన రాజస్థాన చరిత్రను రాజస్థాన కథావళి యను పేరను, రమేశచంద్రదత్తుగారి నవలలను దాసీకన్య, సుధాశరచ్చంద్రము అను పేళ్లను తెలుగువారికి చెప్పిరి. ఒకరు మూలమును చదువుచుండగా విని, భావమును గ్రహించి, తెలుగు వాక్యమును మరల వ్రాయించుట సామాన్యమైన పని కాదు. ఒక్కొక్క పుటకు రెండు గొంతులు, రెండు చెవులజతలు కావలెను. వారి గ్రంథముల ముఖపత్రములపై నున్న పే రొక్కటియే. ఆ పేరు వెనుక చదివి పెట్టినవారు, వ్రాసి పెట్టినవారు ఎందరో కలరు. వారి గొంతు వాడని పుట, వారి చేయి తగులని వాక్యము ఆ గ్రంథములలో లేదని మన మెరుగవలెను.

1907వ సంవత్సరము ఏప్రిలు మాసమున బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చి యుపన్యసించినప్పుడు, వారి యింగ్లీషు ప్రసంగమును విని తెలుగున సభవారికి తెలియజేసిన భారము లక్ష్మీనరసింహముగారిదే. ఆ సందర్భమున వారు భారతదేశమును పాడియావుతో పోల్చి ఆశువుగా చెప్పిన పద్యము కాగితముకన్న ముందు నోటనుండి నోటికి ప్రాకి దేశమంతట వ్యాపించెను. 1909లో వారు, ఆనాటి సంఘము అంటరానివారని దూరముగా నుంచిన కులముల బాలురకై రామమోహనరాయల పేర నొక పాఠశాలను స్థాపించిరి. ఒకరు చదివి పెట్టినగాని తనకు విద్య లేదని యెరిగిన మహానుభావుడు, చదువు చెప్పువారు లేక మూల నుంచబడిన పిల్లలను మరువకుండుట సహజమే కదా.

వారి జీవితమున మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపు ఘట్ట మొకటి కలదు. 1914 ఏప్రిలులో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి యుద్యమ ఫలితముగా ఆంధ్రదేశమందలి గ్రంథాలయముల ప్రతినిధులు మొదటిసారిగా బెజవాడలో సమావేశమైరి. ఆ మహాసభకు అధ్యక్షులుగా నెన్నుకొనబడినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. పుస్తకములను ప్రజలకు చేర్చుటకై కూడిన సభకు, పుస్తకమును తెరచి చదువుకొనజాలనివారు పెద్ద! ఇందు వింత లేదు. చదువ నేర్వనివారి కొరత యెట్టిదో వారికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. పుస్తకము బీరువాలో నుండుట చాలదు. దానిని తీసి వినిపించు మనుష్యుడు ప్రక్కన నుండవలె ననుటకు వారి జీవితమే సాక్ష్యము.

వారి నవలలలో నేటికిని వాడనిది గణపతి. అది మూడు తరముల కథ. తండ్రిలేని బాలుడు, తిండిపోతు, చదువబ్బనివాడు అగు గణపతి తుదకు తానే బడిపంతులై పిల్లల ముందు కూర్చుండును. ఆ నవలను మౌనముగా చదివినవారు చిరునవ్వు నవ్వుదురు. పదిమంది నడుమ చదివినచో చదువువానికే గొంతు ఆగిపోవును. సంభాషణములు గోదావరిసీమ యిండ్లలోని మాటలవలె నుండుటయే దీనికి కారణము. కాని యా నవ్వు వెనుక దారిద్ర్యమున్నది, దిక్కులేని తల్లియున్నది. విను ముదుసలులు నవ్వుచు నవ్వుచు కన్ను లొత్తుకొను చోట్లును గలవు. విజయవాడలో 1948 డిసెంబరు 1వ తేదీన రేడియో కేంద్ర మేర్పడిన పిమ్మట గణపతి శ్రవ్యనాటకముగా ప్రసారమై, చదువురాని యిండ్లకును చేరెను. చెప్పగా పుట్టిన కథ మరల చెవికే చేరినది.

లక్ష్మీనరసింహముగారు మనోరమ, దేశమాత మొదలగు పత్రికలను నడిపిరి. ప్రహసనములు వ్రాసి పెద్దలను పిన్నలను నవ్వించిరి. వార్ధక్యమున తమ స్వీయచరిత్రమును జ్ఞాపకమునుండి చెప్పి వ్రాయించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1943లో వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1946వ సంవత్సరము జూను 17వ తేదీన వారు దేహము చాలించిరి.

వారి తరువాతి తరములవారును ఈ మార్గమును విడువలేదు. 1920 ప్రాంతమున తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి నాయకత్వమున నేర్పడిన సాహితీసమితి, యువరచయితలను ఒకచోట చేర్చి, ఒకరి రచన నొకరు వినునట్లు చేసెను. అచ్చుకు పంపకముందు మిత్రులకు చదివి వినిపించుట రచయితకు ధైర్యముతోడి పని. వ్రాసినంతసేపు మనకు మన కథ గొప్పగానే తోచును. చదువ నారంభించినంతనే ఏ పుటలో శ్రోత ఆవలించెనో, ఏ వాక్యమున చదువరి నాలుక తడబడెనో తెలిసిపోవును. ఆ యవమానమునకు వెరచి కాగితములను పెట్టెలో దాచువాడు ఎప్పటికిని రచయిత కాజాలడు. వినువాడును తన ధర్మమును తెలిసికొనవలెను. మెప్పు కోసము మెచ్చుకొనుట, ఎగతాళి కోసము నవ్వుట రెండును ద్రోహములే. ఎచ్చట విసువు పుట్టినదో, ఎచ్చట తెలియలేదో మెల్లగా చెప్పుటయే మిత్రుని పని.

ఇప్పుడు మన యిండ్ల సంగతి చూతము. నేడు పెదవేగి ప్రాంతమున చదువని పిల్లలు మిక్కిలి తక్కువ. ప్రతి యింటను పుస్తకములు గలవు. సెల్‌ఫోనులు అంతకన్న నెక్కువగా గలవు. అయినను ఒక్కొక్కరు ఒక్కొక్క మూల చేరి, ఎవరి తెరను వారు చూచుకొనుచున్నారు. ఆ యింటనే మసకబారిన కన్నులతో నొక తాతగారు, అక్షరములు నేర్చుకొను భాగ్యము కలుగని యొక అమ్మమ్మగారు ఊరక కూర్చుండి యుందురు. మన మనుమడు ఇంత పెద్ద చదువులు చదువుచున్నాడని వారు సంతసింతురు. ఆ చదువులో తమకు దక్కిన భాగ మేమియు లేదని మాత్రము పైకి చెప్పరు.

కావున విద్యార్థులారా, మీకు మే మొక చిన్న పని నప్పగించుచున్నాము. వారమునకు రెండు సాయంకాలములు, అరగంట చొప్పున, ఇంటి పెద్దల చెంత కూర్చుండి యొక కథను చదివి వినిపింపుడు. గణపతితో నారంభించుట మేలు. వేగిరపడకుడు. పెద్దలు నడుమ నడ్డుపడి తమ చిన్ననాటి ముచ్చట చెప్పదొడగినచో పుస్తకమును ఒడిలో నుంచుకొని వినుడు, అదియు కథయే. తెలియని మాట వచ్చిన దాటిపోక వారినే యడుగుడు. మీ నిఘంటువులో లేని యర్థము వారియొద్ద నుండవచ్చును. మీరు స్వయముగా కథ వ్రాసినచో మొదట వారికే చదివి చూపుడు. తల్లిదండ్రులకును మా మనవి యొకటి గలదు: పిల్లవాడు తడబడుచు చదివినను మధ్యలో నాపి దిద్దకుడు, కథ ముగిసిన తరువాత చెప్పవచ్చును.

ఒకప్పుడు రాజమహేంద్రవరమున పేరు నిలువని యువకులు కొందరు చూపులేని యొక పెద్దమనుష్యుని ప్రక్కన కూర్చుండి, దినదినమును చదివి పెట్టి, వ్రాసి పెట్టిరి. తాము తెలుగు వాఙ్మయమునకు ఎంతటి సేవ చేయుచున్నారో వారిలో నెందరికి తెలియునో మనము చెప్పజాలము. మీ గొంతు కొరకు మీ యింట నెవరు వేచియున్నారో యీ రాత్రి భోజనములైన తరువాత విచారించి చూడుడు.